గొరగని మెడలు

కుక్కల హాలు తలుపుకు బయటి నుంచి తాళం పడింది. గోడ గడియారంలో పదకొండూ యాభై.

"ఇక నాలుగింటి దాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు మీసం దువ్వుకుంటూ. తలుపు మూయించడంలో ఆయనకున్న సంతోషం తెరిపించడంలో ఏనాడూ లేదు.

ఉడుము కుళాయి ధార కింద కుడిచెయ్యి పెట్టి ఐదోసారి సబ్బు రుద్దుకుంటున్నాడు. ఉడుము అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పోలీసు శాఖలో ఉన్నప్పుడు, పట్టిన పట్టు వదలడని తోటివాళ్ళు పెట్టింది. ఉద్యోగం పోయింది గానీ పేరు పోలేదు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. ఈ కుక్కల పరిశోధన కేంద్రంలో పొద్దున ఎనిమిదింటికి అడుగుపెట్టాడు. ఎనిమిదీ పదికల్లా పదిహేడో నంబరు కుక్కపిల్ల ఆటలో అతని బొటనవేలి మొదట్లో పన్ను దింపింది.

కరిస్తే కరిచిందిలే, కుర్రకుక్క, అనుకుని ఊరుకునేవాడే. కానీ ఆ హాలు చివర అద్దాల గదిలో పదకొండో నంబరు పిల్ల నిన్న మధ్యాహ్నం నుంచీ చొంగ కారుస్తూ, వెనక కాళ్ళు ఈడుస్తూ, బొంగురు గొంతుతో మొరుగుతోంది. అది రేబిస్ అవునో కాదో చూడవలసిన పశువైద్యాధికారి నాలుగింటికి గానీ రాడు. ఆయన వచ్చి సంతకం పెట్టేదాకా హాలు తలుపు తెరవకూడదని నిబంధన.

"మీకేం భయం లేదు సార్" అని పొద్దున ఇక్కడ టీకాలు, రక్తపరీక్షలు చూసే చిన్న డాక్టరు నవ్వుతూ ధైర్యం చెప్పాడు. "పదిహేడు రక్తంలో రక్షణ ఆరు యూనిట్లుంది. అర యూనిట్ ఉంటే చాలు, రేబిస్ దాని జోలికి రాదు. దానికి రాని జబ్బు మీకెలా వస్తుంది? సబ్బుతో కడుక్కోండి. మీకు ఇంజెక్షన్ కూడా దండగ."

ఆ చిన్న డాక్టరే ఇప్పుడు బయటి నుంచి తాళం వేసుకుని వెళ్ళాడు, అధికారిని తనే వెంటబెట్టుకొస్తానని. ఉన్న ఒక్క తాళంచెవినీ అతని చేతిలో పెట్టింది ఆఫీసరే. సెల్‌ఫోన్లు లోపలికి తేకూడదు కాబట్టి అందరివీ బయట లాకర్లలో ఉన్నాయి. గోడకున్న ఫోను ముందు ఆఫీసులో మాత్రమే మోగుతుంది. ముందు ఆఫీసు సిబ్బందినేమో తొమ్మిదింటికే ఇళ్ళకు పంపేశాడు ఆఫీసరు. ఇంత పకడ్బందీగా తన్ను తాను బంధించుకున్న మనిషిని ఉడుము తన సర్వీసులో చూడలేదు.

చెయ్యి తుడుచుకుంటూ అతను పెద్ద డాక్టరమ్మ వైపు తిరిగాడు. పొద్దున ఏడింటికి తనను పిలిపించింది ఆవిడే. ఈ పరిశోధన ఆవిడది. రెండేళ్ళుగా ఆవిడ తేల్చాలనుకుంటున్నది ఒక్కటే ప్రశ్న. కుక్కపిల్లలకు పన్నెండో వారంలో వేసే ఒక్క రేబిస్ టీకా సరిపోతుందా, లేక పదహారో వారంలో రెండోది వేస్తే రక్షణ బాగా పెరుగుతుందా? ఇరవై నాలుగు పిల్లల్ని తీసుకుంది. మొదటి టీకా వేసిన నాలుగు వారాలకు రక్తం తీసి కొలిస్తే తొమ్మిది పిల్లలు అర యూనిట్ కూడా దాటలేదు. రెండో టీకా వేయించింది. మళ్ళీ నాలుగు వారాలాగి, అంటే ఇప్పటికి తొమ్మిది రోజుల కిందట, రక్తం తీయిస్తే ఇరవై నాలుగూ నాలుగు యూనిట్లు దాటాయి. ఆ రక్తపు గొట్టాలను మరోసారి కొలవడానికి బయటి ల్యాబు వాళ్ళు రేపు రావాలి. ఈ పొద్దున ఆరూ నలభైకి ఆవిడ ల్యాబు తెరిస్తే ఫ్రీజరు ఖాళీ. ఇరవై నాలుగు గొట్టాలూ సింకులో పగిలి ఉన్నాయి.

ఆఫీసరు దొంగను తొమ్మిదింటికల్లా పట్టేశాడు. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ కుక్కలకు తిండి పెడుతున్న పెద్దాయన ఈ ఉదయం ఐదూ యాభైకి లోపలికి వచ్చాడు, ఆరూ ఇరవైకి బయటికి పోయాడు, మళ్ళీ ఏడుంపావుకి వచ్చాడు. గేటు యంత్రంలో కార్డు నమోదైంది. ఎందుకొచ్చావు, ఎందుకు పోయావు అంటే నోరు విప్పడు. అందుకని మేత గదిలో పెట్టి గడియ వేశారు.

"అమ్మా, మీరు చూసేసరికి సింకు తడిగా ఉందా?" అని అడిగాడు ఉడుము.

డాక్టరమ్మ ఆలోచించింది. "లేదు. గొట్టాల్లోది కారి అట్టకట్టింది. గోటితో గీకితే పొక్కులా లేచింది."

"గడ్డకట్టిన గొట్టాలు కరగాలి, కారాలి, ఎండాలి. ఎంతసేపు పడుతుంది?"

"ఆ గదిలో గాలి ఆడదు. ఏడెనిమిది గంటలైనా పడుతుంది."

"పెద్దాయన వచ్చిన యాభై నిమిషాలకే మీరు చూశారు. అంటే ఆ గొట్టాలు నిన్న సాయంత్రమే పగిలాయి. నిన్న అందరికన్నా ఆఖరున వెళ్ళింది ఎవరు?"

ఆవిడ తాళం పడిన తలుపు వైపు చూసింది. నిన్న సాయంత్రం ఆరింటికి ఆఖరున వెళ్ళింది చిన్న డాక్టరు.

ఆఫీసరుకు కోపం వచ్చింది. తను పట్టిన దొంగను మరొకడు విడిపించడం ఏ పోలీసుకూ నచ్చదు, మాజీ పోలీసుకు అసలే నచ్చదు. "లెక్కలు బాగానే చెప్తావోయ్. అప్పుడూ ఇంతే, లెక్కలు చెప్పీ చెప్పీ ఉద్యోగం పోగొట్టుకున్నావు. మరి ఆ ముసలాడు ఏ తప్పూ చేయకపోతే నీళ్ళెందుకు నములుతున్నాడు?"

ఆ ప్రశ్న మాత్రం సరైనదే. ఉడుము వెళ్ళి మేత గది గడియ తీశాడు.

పన్నెండూ ఐదు. పెద్దాయన గోనెబస్తా మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఉదయపు అరగంట సంగతి తప్ప ఏది అడిగినా చెప్పాడు. నెల కిందట కంచె కింద నుంచి వీధికుక్క ఒకటి దూరి, పిల్లల మధ్య పడి దొరికినదాన్నల్లా కొరికిపోయిందట. అప్పటికి రెండో టీకా పడి వారమైంది కదా, ఏం కాదులే అని అందరూ అనుకున్నారట. రెండోసారి రక్తం తీసిన రోజు తనకు సెలవట, చిన్న డాక్టరుగారు ఒక్కరే తీశారట.

రిజిస్టరు ఉడుము చేతిలోనే ఉంది. ఇరవై నాలుగు పిల్లలు, పది నుంచి పదీ నలభై ఐదు దాకా అని రాసి ఉంది.

"పెద్దాయనా, ఒక పిల్లకి రక్తం తీయాలంటే ఎంతసేపు?"

"ఇద్దరుంటే ఆరు నిమిషాలు బాబూ. ఒకరు పట్టుకోవాలి, ఒకరు మెడ మీద బొచ్చు గొరగాలి, మందు రాయాలి, నరం దొరకాలి, తీశాక దూది అదిమి పట్టాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అవి ఊరుకుంటాయా?"

ఇరవై నాలుగు ఆర్లు నూట నలభై నాలుగు. రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల పనిని ఒంటి చేత్తో ముప్పావు గంటలో ముగించినవాడు మహామాంత్రికుడైనా అయి ఉండాలి, అసలా పనే చేయకుండా అయినా ఉండాలి.

"మర్నాడు మీరు వచ్చేసరికి ఏమైనా తేడా కనిపించిందా?"

"పిల్లలు బాగానే ఉన్నాయి. మా నాయనమ్మే నీరసంగా పడుకుంది. రెండు రోజులు కూడు ముట్టలేదు."

నాయనమ్మ అంటే పక్క గదిలో ఉండే ముసలి ఆడకుక్క. ఏటేటా టీకా వేయించుకున్న గట్టి ప్రాణం. ఉడుముకు ఎక్కడో ఒక ముడి వదులైనట్టు అనిపించింది. మరి రెండో టీకా వేసిన రోజు ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆ రోజు తనే పిల్లల్ని పట్టుకున్నానన్నాడు పెద్దాయన. చిన్న డాక్టరు ఫ్రిజ్ లోంచి మందు సీసాలు తీసి, ఒక్కొక్కదాన్నీ అరచేతుల మధ్య పెట్టి నలుపుతూ కూర్చున్నాడట.

"ఎందుకని అడిగితే, గడ్డకట్టాయి తాతా, కరిగిస్తున్నా అన్నారు. అలా చేయాలేమో అనుకున్నాను."

గుమ్మంలో నిలబడి వింటున్న డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "గడ్డకట్టిన టీకా చచ్చిన టీకాయే" అంది మెల్లగా. "కరిగించినా నీళ్ళతో సమానం. పారేయాలి. ఫ్రిజ్ బాధ్యత అతనిదే. చలి ఎక్కువ పెట్టేసి ఉంటాడు. నాతో ఒక్క మాట చెబితే కొత్త మందు తెప్పించేదాన్నే."

చెబితే ఉద్యోగం ఎక్కడ పోతుందోనని భయపడి ఉంటాడు. ఒక తప్పు కప్పడానికి ఇంకో తప్పు, దాన్ని కప్పడానికి మరోటి. కంచే చేను మేసిందంటే ఇదే. కానీ ఇదంతా ఇంకా నోటిమాటే, సాక్ష్యం కావాలి. ఉడుము లేచి కుక్కల హాల్లోకి నడిచాడు.

పన్నెండుంపావు. హాల్లో మూడు దొడ్లున్నాయి. అద్దాల గదిలోని పదకొండు తప్ప, దొడ్డికి ఎనిమిదేసి పిల్లలు, ఒక్కోదాని మెడపట్టీ మీద ఒక్కో నంబరు. ఉడుము మొదటి దొడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కరిపించుకున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో ఒకదాని గడ్డం పైకెత్తి మెడ మీద బొచ్చు వేళ్ళతో వెనక్కి దువ్వాడు. ఒత్తుగా, పట్టులా ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పిల్లలు దీన్ని కొత్త ఆట అనుకుని అతని చెవులు నాకుతున్నాయి. ఒక్కో నాకుడికీ అతను తల వెనక్కి లాక్కుంటున్నాడు.

"క్షవరం దుకాణం పెడతావా ఏం?" అన్నాడు ఆఫీసరు కంచె అవతల నుంచి.

"క్షవరం జరగలేదనే చూస్తున్నాను సార్. అమ్మా, గొరిగిన చోట బొచ్చు మళ్ళీ ఇంత రావడానికి ఎన్నాళ్ళు?"

"నెల పైమాటే."

"తొమ్మిది రోజుల కిందట గొరిగిన మెడ ఒక్కటి చూపించండి."

ఆవిడ దొడ్డిలోకి దిగింది. ఒకదాని తరవాత ఒకటి మెడలు తడిమి చూసింది. రెండో దొడ్డి చివరకు వచ్చి ఆగింది. ఒక్క మెడ మీదా కత్తెర పడలేదు. అప్పుడు ఉడుము పక్క గదిలోంచి నాయనమ్మను నడిపించుకొచ్చాడు. ఆ ముసలిది తోక ఊపుతూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. దాని మెడకు రెండు పక్కలా అరచేతి మేర బొచ్చు లేదు. సూది గాట్లు ఇంకా నల్లగా ఉన్నాయి.

ఇరవై నాలుగు గొట్టాల్లోనూ ఉన్నది ఒక్క నాయనమ్మ రక్తమే. అంకెలు అచ్చంగా ఒకేలా రాకుండా కొన్నింటిలో కాస్త ఉప్పునీళ్ళు కలిపి ఉంటాడు. రేపు బయటి ల్యాబు వాళ్ళు కొలిస్తే ఇవన్నీ ఒకే కుక్కవని పట్టేస్తారని నిన్న పగలగొట్టాడు. ఉడుము ఇదంతా చెబుతుంటే డాక్టరమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఒక్కటీ తప్పలేదు అన్నప్పుడే నాకు అనుమానం రావాలి" అంది. "కుర్రకుక్కల్లో ఎప్పుడూ కొన్ని తప్పుతాయి. నాకు అనుమానం రాలేదు. రావద్దనుకున్నాను."

ఉడుము అడిగాడు. "మొదటిసారి తీసిన రక్తం నిజమైనదే కదా. అప్పుడు తప్పిన తొమ్మిది ఏవి?"

ఆవిడకు ఆ జాబితా కంఠతా వచ్చు. "మూడు, ఐదు, తొమ్మిది, పదకొండు, పన్నెండు, పదిహేడు..." అని ఆగింది. అతని చేతి వైపు చూసింది. మిగతావి మరీ చిన్న గొంతుతో చెప్పింది. "పందొమ్మిది, ఇరవై, ఇరవై నాలుగు."

అద్దాల గదిలోంచి పదకొండు మళ్ళీ మొరిగింది, గొంతు చిట్లినట్టు.

ఉడుముకు భయం వేసింది. తుపాకీ ఎదురుగా నిలబడినప్పుడు కూడా ఇంత వేయలేదు. ఆరు యూనిట్లు అన్న మాట నమ్మి ఇంటికి పోయి, అన్నం తిని, పడుకుని ఉంటే రెండు నెలలకో మూడు నెలలకో గొంతులోకి గుక్కెడు నీళ్ళు దిగని రోజు వచ్చేది. ఆ జబ్బు ఒకసారి బయటపడ్డాక మందు లేదు. ముందే టీకాలు పడితే భయం లేదు. ఆ టీకాలు తలుపు అవతల ఉన్నాయి. తలుపు తాళంచెవి ఆ చిన్న డాక్టరు జేబులో ఉంది. నాలుగింటికి వాడు తిరిగొస్తాడన్న నమ్మకం కూడా ఇప్పుడు లేదు.

"తలుపు పగలగొడదాం" అన్నాడు.

"నిబంధన" అన్నాడు ఆఫీసరు. ఈసారి ఆయన గొంతులో పొగరు లేదు, అయినా అన్నాడు. "కరిచిన గంటలోనే చచ్చిపోరుగా. నాలుగింటికి అధికారి వస్తే నీ సూది నువ్వు పొడిపించుకుందువు గానీ. ఈలోపు తలుపు తెరిచి ఒక్క కుక్క బయటపడితే ఎవడిది పూచీ? ఇక్కడి నుంచి ఒక్క కుక్క కూడా దాటకూడదు, అంతే."

ఒక్క కుక్క కూడా. ఆ మాట దగ్గర ఉడుము పట్టు బిగిసింది. మూడో దొడ్డి ఇంకా చూడలేదు. వెళ్ళి మెడపట్టీలు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. ఏడే. పొద్దుటి నుంచీ అందరూ పగిలిన గొట్టాలు లెక్కపెట్టారు గానీ కుక్కల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఐదూ యాభైకి రావడం. ఆరూ ఇరవైకి పోవడం. ఏడుంపావుకి మళ్ళీ రావడం. ఉడుము మేత గదిలోకి తిరిగి వెళ్ళాడు. పెద్దాయన పక్కనే గోనెబస్తా మీద కూర్చుని, గొంతు పెంచకుండా అడిగాడు.

"ఇరవై నాలుగు ఎక్కడుంది పెద్దాయనా?"

పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పదకొండుది ఆ జబ్బే అని తేలితే అన్నిటినీ చంపేస్తారని నిన్న చిన్న డాక్టరుగారు అన్నారు. తల్లి పాలివ్వకపోతే సీసాతో పెంచాను బాబూ దాన్ని. ఒక్కదాన్ని దాచుకుంటే ఎవరికి నష్టం? దాని రక్తంలో రక్షణ ఐదున్నర అన్నారు కదా. గట్టిదే, జబ్బు రాదనుకున్నాను. దొంగతనమంటే దొంగతనమే. జైల్లో పెట్టినా సరే, అది బతికితే చాలనుకుని ఊరుకున్నాను."

"ఆ ఐదున్నర దానిది కాదు. నాయనమ్మది. దాని ఒంట్లో ఏమీ లేదు."

పెద్దాయనకు ముందు అర్థం కాలేదు. ఉడుము మెడల సంగతి, గడ్డకట్టిన సీసాల సంగతి మళ్ళీ చెప్పాడు. చెబుతుంటే ఆ ముసలి ముఖంలో రంగు దిగిపోవడం గుమ్మంలోంచి ఆఫీసరు కూడా చూశాడు.

"ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది ఆఫీసరే.

"ఇప్పుడెవరూ లేరయ్యా. అమ్మాయి పనికి పోతే రాత్రికి గానీ రాదు. స్నానాల గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చాను. మనవరాలు ఒంటిగంటకి బడి నుంచి వస్తుంది. తొమ్మిదేళ్ళది."

గడియారంలో పన్నెండూ ముప్పై రెండు. ఉడుము గోడ ఫోను ఎత్తాడు. అవతల ఖాళీ ఆఫీసులో అది మోగింది, మోగుతూనే ఉంది. గేటు దగ్గర కాపలావాడు ఉన్నాడు గానీ అంత దూరం ఆ చప్పుడు వినబడదు.

ఆఫీసరు నిబంధన అన్న మాట ఎత్తలేదు. గోడకున్న మంటలార్పే సిలిండరు ఊడబెరికి రెండు చేతులతో ఎత్తి తలుపు అద్దం మీద కొట్టాడు. కుక్కలన్నీ ఒక్కసారి గోల పెట్టాయి. అద్దం లోపల ఇనుప వల ఉంది. సన్నటి గీత పడింది తప్ప పగల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఆ తలుపు అంత గట్టిగా ఉండాలని కిందటేడు పట్టుబట్టి పెట్టించింది తనేనని ఊపిరి ఎగబీలుస్తూ చెప్పాడు. ఉడుము కూడా ఎడమ చెయ్యి సిలిండరు కింద వేశాడు. ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేసి పదేళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ లెక్కపెట్టుకుంటూ కలిసి కొట్టారు.

"పిల్ల దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలు" అంటోంది వెనక డాక్టరమ్మ, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "అది ఇంకా బాగానే ఉందేమో. పొద్దున బాగానే ఉంది కదా? బాగా తిన్నదా?"

పెద్దాయన మేత గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"తినలేదమ్మా" అన్నాడు. "నిన్న సాయంత్రం నుంచీ నీళ్ళు కూడా దిగడం లేదు. నోరు తెరుచుకునే ఉంటోంది. గొంతులో ఎముక ముక్క ఇరుక్కుందనుకున్నాను. నా వేళ్ళు లావు, పట్టలేదు." తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "బడికి పోయేముందు పాపకి చెప్పాను. నీ వేళ్ళు సన్నం కదా, వచ్చీరాగానే నోట్లో చెయ్యి పెట్టి ఆ ముక్క తీసెయ్యమ్మా అని."

పన్నెండూ ముప్పై ఎనిమిది. ఆఫీసరు సిలిండరు మళ్ళీ ఎత్తాడు.